మెయిన్ జర్నళ్ల మీద బూడిదరంగు పట్టీ, షెల్స్‌లో పిన్నుమొన గుంటలు – దేని పని?

#1 పవర్‌హౌస్_డ్యూటీ

అందరికీ నమస్కారం. 9 సిలిండర్ల ఇన్‌లైన్ ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్, 750 ఆర్‌పీఎం, ఫర్నేస్ ఆయిల్ మీద నడుస్తుంది. ఆల్టర్నేటర్ సింగిల్ బేరింగ్ రకం. రోటర్ ముందువైపు నేరుగా ఫ్లైవీల్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది, వెనకవైపు మాత్రం పెడెస్టల్ (బేస్‌ఫ్రేమ్ మీద విడిగా నిలబెట్టిన దిమ్మె) బేరింగ్. మెయిన్ జర్నల్ (క్రాంక్‌షాఫ్ట్‌లో బేరింగు లోపల తిరిగే భాగం) వ్యాసం 300 మి.మీ.

షెడ్యూల్ ఇన్‌స్పెక్షన్‌కని ఫ్లైవీల్ వైపు నుంచి 1, 2, 3, 6 మెయిన్ క్యాప్‌లు (బేరింగ్ మూతలు) దించాం. 1, 2 జర్నళ్ల మీద మెరుపు పోయి, గాజు మీద ఊపిరి ఊదినట్టు మసక బూడిదరంగు పట్టీ ఉంది. 3 మీద కొంచెం తక్కువ. 6 దాదాపు శుభ్రం. కింది షెల్స్‌లో (బేరింగ్ సగం చిప్పల్లో) ఓవర్‌లే (పైనున్న మెత్తని లోహపు పూత) నిండా పిన్నుమొనతో పొడిచినట్టు సన్న గుంటలు, 1వ షెల్‌లో అక్కడక్కడ రాగిరంగు బయటపడింది. ఇవి కాక 2వ జర్నల్ మధ్యలో చుట్టూరా సన్నని కట్టలాంటిది తగులుతోంది.

బేరింగ్ టెంపరేచర్లు ఎప్పుడూ అలారం దాకా పోలేదు. ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంది. జర్నళ్లకు పాలిష్ కొట్టి కొత్త షెల్స్ వేసి క్లోజ్ చేసేయమని పైనుంచి ఒత్తిడి. వేసేయొచ్చా?

#2 గ్రైండింగ్_బెంచ్

ముందు ఎమెరీ పక్కన పెట్టండి. పాలిష్ కొడితే సాక్ష్యం పోతుంది, కారణం అక్కడే ఉంటుంది, కొత్త షెల్స్ కూడా అదే దారి పడతాయి.

ఇవాళ చేయాల్సింది ఇది. జర్నల్‌ను సాల్వెంట్‌తో, పోగులు రాని గుడ్డతో తుడవండి. టార్చిని పక్కనుంచి, దాదాపు ఉపరితలానికి ఆనించినట్టు పట్టి చూడండి. ఎదురుగా వెలుతురు పడితే ఏ మచ్చైనా ఒకేలా కనిపిస్తుంది. 10 రెట్ల భూతద్దం చాలు. షెల్స్ మీద ఏ బేరింగ్, పైదా కిందిదా, ఫ్లైవీల్ వైపు అంచు ఏది అన్నది పెయింట్ మార్కర్‌తో రాయండి. కలిసిపోతే ఇక చదవడానికి ఏమీ మిగలదు. దంతవైద్యులు వాడే సిలికాన్ లాంటి రెప్లికా పేస్టు దొరికితే 1, 2 జర్నళ్ల మీద అచ్చు తీసి ఉంచండి. గుంట లోతు తర్వాత దాని మీదే కొలవొచ్చు.

రెండు ప్రశ్నలు. పట్టీ జర్నల్ చుట్టూ 360 డిగ్రీలూ ఉందా, ఒక వైపే ఉందా? గోరు అడ్డంగా లాగితే గీతల్లా తట్టుకుంటోందా, సన్న గరుకు కాగితంలా అనిపిస్తోందా?

#3 ల్యూబ్‌ఆయిల్_మురళి

నాకైతే మురికి ఆయిల్ అనిపిస్తోంది. ఫర్నేస్ ఆయిల్ ఇంజిన్‌లో సెపరేటర్ (ఆయిల్ శుద్ధి చేసే యంత్రం) సరిగ్గా పనిచేయకపోతే ఇదే జరుగుతుంది. లోడు మీద ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. ఫుల్‌ఫ్లో ఫిల్టర్ ఆపేదేమో 30 మైక్రాన్ల చుట్టూ. మధ్య సైజు రేణువులన్నీ నేరుగా పోయి షెల్‌లో పాతుకుంటాయి. ఫిల్టర్ క్యాండిల్స్ విప్పి చూడండి, ఆయిల్ శాంపిల్ పంపండి.

#4 పవర్‌హౌస్_డ్యూటీ

@గ్రైండింగ్_బెంచ్ గారూ, టర్నింగ్ గేర్ (ఆగిన ఇంజిన్‌ను మెల్లగా తిప్పే సాధనం) పెట్టి ఒక చుట్టు తిప్పి చూశాం. పట్టీ చుట్టూరా, వెడల్పంతా సమంగా ఉంది, ఎక్కడా తెగలేదు. గోరుకు గీత తట్టడం లేదు, సన్న గరుకే. భూతద్దంలో షెల్ గుంటలు గుండ్రంగా ఉన్నాయి, అడుగు మెరుస్తోంది. కొన్నిటి అంచులు కరిగి గడ్డకట్టినట్టున్నాయి.

@ల్యూబ్‌ఆయిల్_మురళి గారూ, ఫిల్టర్లో లోహపు రజను పెద్దగా లేదు. పోయిన నెల రిపోర్టులో నీరు 0.1 శాతం లోపే, సోడియం మామూలే. సీసం మాత్రం మూడు శాంపిళ్ల నుంచి మెల్లగా పెరుగుతోంది.

#5 గ్రైండింగ్_బెంచ్

అయితే మురికి కాదు. మురికి చేసే గుర్తు ఎప్పుడూ తిరిగే దిక్కున గీత. ఒక రేణువు షెల్‌లో ఇరుక్కుంటే జర్నల్ మీద దానికి ఎదురుగా చుట్టూ ఒక గాడి పడుతుంది. షెల్‌లో ఆ రేణువు చుట్టూ మెటల్ లేచి మెరుస్తుంటుంది. గీత లేని మసక మురికి వేసేది కాదు.

నీరు కూడా కాదు. కూలెంట్ ఆయిల్‌లో కలిస్తే గుంటల అంచులు వంకరటింకరగా, అడుగు నల్లగా ఉంటాయి. వైట్‌మెటల్ (తగరం మిశ్రమం) షెల్స్‌లోనైతే తగరం ఆక్సైడు గట్టి నల్లపొరగా తేలుతుంది. ఇక్కడ అడుగు మెరుస్తోందన్నారు.

క్యావిటేషన్ (ఆయిల్‌లో బుడగలు పగిలి లోహాన్ని తోడేయడం) సంగతి కూడా తేల్చేద్దాం. అది షెల్‌లో గాడి చివర్లలో, ఆయిల్ హోల్ దగ్గర తోడేస్తుంది, జర్నల్ జోలికి సాధారణంగా రాదు. మీ దగ్గర రెండూ పాడయ్యాయి.

ఇక 2వ జర్నల్ మధ్య కట్ట వేరే కథ, దానికీ దీనికీ సంబంధం లేదు. పై షెల్‌లో ఆయిల్ గాడి నడిచేచోట జర్నల్ తక్కువ అరుగుతుంది, అటూ ఇటూ ఎక్కువ అరుగుతుంది, మధ్యలో కట్ట మిగులుతుంది. నైఫ్‌ఎడ్జ్ రూలర్ పొడవునా ఆనించి వెనక నుంచి లైటు పెట్టి చూడండి. అటూ ఇటూ సందు కనిపిస్తే కట్ట ఎత్తు ఫీలర్‌తో తెలుస్తుంది. కొత్త షెల్ గాడి వెడల్పు పాతదానికి భిన్నమైతే మాత్రం ఆ కట్ట కొత్త షెల్‌ను తినేస్తుంది. ఆర్డర్ చేసేముందు రెండు షెల్స్ గాడులూ కొలిచి సరిచూసుకోండి.

#6 అలైన్‌మెంట్_రాజు

డిఫ్లెక్షన్ (షాఫ్ట్ తిరిగేటప్పుడు క్రాంక్ వెబ్‌ల మధ్య దూరంలో వచ్చే మార్పు) చూశారా? ఫ్లైవీల్ వైపే ఎక్కువ ఉందంటే నాకు మొదట అనుమానం వచ్చేది ఆల్టర్నేటర్ అలైన్‌మెంట్ మీద. సింగిల్ బేరింగ్ రోటర్ బరువులో సగం దాకా ఆ చివరి మెయిన్ బేరింగే మోస్తుంది.

#7 పవర్‌హౌస్_డ్యూటీ

చూశాం సార్. క్యాప్‌లు దించకముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఒక్కో వెబ్‌కు ఐదు చోట్ల రీడింగులు తీశాం. ఫ్లైవీల్ పక్క సిలిండర్‌తో సహా అన్నీ మాన్యువల్ లిమిట్లో సగం కూడా లేవు. మునుపటి రికార్డుతో పోలిస్తే మార్పు 0.01 మి.మీ. దాటలేదు.

#8 అలైన్‌మెంట్_రాజు

అయితే నా మాట వెనక్కి. అలైన్‌మెంట్ తేడా ఉంటే షెల్ ఒక అంచున ఎక్కువ అరిగి, ఐమూలగా మెరుపు వస్తుంది. మీది వెడల్పంతా సమంగా ఉందన్నారు.

#9 షిప్_సెకండ్

ఇంకో కోణం. పక్క ఇంజిన్లు నడుస్తుండగా ఈ ఇంజిన్ వారాల తరబడి స్టాండ్‌బైలో నిలబడి ఉంటుందా? ఓడల్లో ఆక్సిలరీ ఇంజిన్లకు ఈ జబ్బు ఉంది. పక్క ఇంజిన్ వైబ్రేషన్ ఫౌండేషన్ గుండా వచ్చి, కదలని జర్నల్‌ను షెల్ మీద సన్నగా రుద్దుతుంది. ఆయిల్ పొర పిండేసినట్టు పోతుంది, ఫ్రెటింగ్ మచ్చలు పడతాయి.

#10 గ్రైండింగ్_బెంచ్

మంచి ప్రశ్నే, కానీ #4లోనే జవాబుంది. నిలబడ్డ షాఫ్ట్ మీద ఫ్రెటింగ్ మచ్చ, జర్నల్ ఏ వైపు కిందకు ఉండి ఆగిందో ఆ వైపే పడుతుంది. వేర్వేరు చోట్ల ఆగితే వేర్వేరు మచ్చలు. చుట్టూరా తెగకుండా పట్టీ పడాలంటే తిరుగుతూ ఉన్నప్పుడే పడాలి. పైగా పక్క ఇంజిన్ వైబ్రేషన్‌కు 1, 2, 3 మీదే అంత ప్రేమ ఉండదు.

ఆల్టర్నేటర్ పక్కన ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ, గుండ్రటి గుంట, మెరిసే అడుగు, కరిగిన అంచు. నా లెక్కలో ఇది షాఫ్ట్ కరెంటు, అంటే షాఫ్ట్ నుంచి బేరింగుల గుండా పారే కరెంటు. ఎలక్ట్రికల్ వాళ్లెవరైనా ఉన్నారా?

#11 వైండింగ్_శ్రీను

ఉన్నాను. బెంచ్ గారు చెప్పింది నిజమేనని తేల్చే పరీక్ష ఒకటుంది: ఆల్టర్నేటర్ వెనక పెడెస్టల్ బేరింగ్ విప్పండి. దాని కింది షెల్‌లో, రోటర్ జర్నల్ మీద ఇవే గుంటలుంటే లూప్ కరెంటే. ఇంజిన్ ఆయిల్‌కు, పెడెస్టల్ ఆయిల్‌కు సంబంధం లేదు కాబట్టి ఆయిల్ మీద నెపం వేసే వీలు కూడా ఉండదు.

ఎలా వస్తుందంటే, స్టేటర్ కోర్ ముక్కలుగా పేర్చి కట్టినది. అతుకుల దగ్గర, ఎయిర్‌గ్యాప్‌లో చిన్న తేడా వల్ల మ్యాగ్నెటిక్ ఫ్లక్స్ షాఫ్ట్ చుట్టూ సమానంగా ఉండదు. షాఫ్ట్ ఈ చివర నుంచి ఆ చివరకు ఏసీ వోల్టేజీ పుడుతుంది. అది ఆల్టర్నేటర్‌లో ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఆపలేం. అందుకే వెనక పెడెస్టల్ కింద ఇన్సులేషన్ పెట్టి దారి తెంపుతారు. ఆ ఇన్సులేషన్ ఎక్కడైనా షార్ట్ అయితే షాఫ్ట్, ఇంజిన్ మెయిన్ బేరింగులు, బ్లాక్, బేస్‌ఫ్రేమ్, పెడెస్టల్, మళ్లీ షాఫ్ట్ – చుట్టు పూర్తవుతుంది. ఇంజిన్‌లోకి దిగేటప్పుడు దగ్గర్లో ఉన్న బేరింగులే ముందు పంచుకుంటాయి. మీ 1, 2, 3 అందుకే.

వోల్టేజీ ఒక వోల్టు లోపే కదా అని తీసిపారేయొద్దు. లూప్ అంతా మందపాటి ఇనుమే, అడ్డు ఒక్క ఆయిల్ పొరే. అది తెగిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ, చిన్న గుంట. కోట్ల గుంటలు కలిసి మీరు చూసిన మసక.

#12 పవర్‌హౌస్_డ్యూటీ

పెడెస్టల్ విప్పాం. అవే గుంటలు, వెతుక్కునే పని లేకుండా కనిపిస్తున్నాయి.

కానీ 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) పెడెస్టల్‌కు, బేస్‌ఫ్రేమ్‌కు మధ్య పెడితే సున్నా. షాఫ్ట్ ఆనించి పెట్టిన పెడెస్టల్ మీదే చూశాం. ఇన్సులేషన్ మొత్తం పోయినట్టేనా? ఇన్సులేషన్ ప్లేట్ మార్చాలంటే చాలా పని.

#13 వైండింగ్_శ్రీను

ఆగండి, ఆ రీడింగుకు అర్థం లేదు. షాఫ్ట్ పెడెస్టల్ షెల్ మీద కూర్చుని ఉంది. షాఫ్ట్ ఇటువైపు ఫ్లైవీల్ గుండా ఇంజిన్‌కు, ఇంజిన్ బేస్‌కు తగులుతోంది. ఇన్సులేషన్ కొత్తదైనా సున్నానే వస్తుంది. ఈ తప్పు చాలామంది చేస్తారు, మంచి ప్లేట్లు పీకి పారేస్తారు.

షాఫ్ట్‌ను హైడ్రాలిక్ జాక్‌తో కొద్దిగా, షెల్ వదిలేంత మాత్రమే లేపండి. డయల్ గేజ్ పెట్టి లేపాలి, ఎంత లేపొచ్చో మాన్యువల్లో చూసుకోండి. మధ్యలో ప్రెస్‌పాన్ అనే ఇన్సులేషన్ కాగితం దూర్చి అప్పుడు మెగ్గర్ పెట్టండి. పై షెల్, ఆయిల్ సీల్ రింగులు కూడా షాఫ్ట్‌కు తగలకూడదు. కొన్ని మెషీన్లలో రెండు ఇన్సులేషన్ పొరల మధ్య ఒక లోహపు ప్లేటు పెట్టి, దానికి టెర్మినల్ బయటకు ఇస్తారు. అలాంటిదైతే జాకింగ్ అక్కర్లేదు, నడుస్తున్నప్పుడే చూడొచ్చు.

అప్పుడూ సున్నానే వస్తే ప్లేటును కాదు, ముందు దాన్ని దాటేసే దారుల్ని అనుమానించండి. హోల్డింగ్ బోల్టుల స్లీవులు, వాషర్లు, డోవెల్ పిన్నుల బుష్‌లు. ఆయిల్ పైపు ఫ్లాంజిలో ఇన్సులేటింగ్ గాస్కెట్ తీసేసి మామూలుది వేశారా. బేరింగ్ టెంపరేచర్ సెన్సర్ కేబుల్. ఒక్కోటి విప్పుతూ, విప్పిన ప్రతిసారీ మెగ్గర్ చూస్తూ పోండి. అన్నీ ఒకేసారి విప్పితే దోషి ఎవరో తెలియదు.

#14 షిప్_సెకండ్

ఇంత గొడవ ఎందుకు, ఫ్లైవీల్ దగ్గర ఎర్తింగ్ బ్రష్ పెడితే సరిపోదా? ఓడల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద స్లిప్‌రింగ్, సిల్వర్ గ్రాఫైట్ బ్రష్‌లు పెట్టి షాఫ్ట్‌కూ హల్‌కూ మధ్య 50 మిల్లీవోల్టులు దాటకుండా చూసుకుంటాం. అది పట్టించుకోకపోతే మెయిన్ ఇంజిన్ జర్నళ్లు అచ్చం ఇలాగే మసకబారతాయి.

#15 వైండింగ్_శ్రీను

గుర్తులు ఒకటే, కారణం వేరు. ఓడలో ప్రొపెల్లర్ కంచు, హల్ ఉక్కు, మధ్యలో ఉప్పునీరు – అదొక బ్యాటరీ. షాఫ్ట్‌కూ హల్‌కూ మధ్య తేడాను బ్రష్‌తో కలిపేస్తే అయిపోతుంది. ఇక్కడ వోల్టేజీ షాఫ్ట్ రెండు చివరల మధ్య ఉంది. ఒక చివర బ్రష్ పెడితే ఆ చివర దారి ఇంకా సుఖమవుతుంది. వెనక ఇన్సులేషన్ షార్ట్‌లో ఉండగా బ్రష్ పెట్టడమంటే లూప్‌కు మంచి రోడ్డు వేసినట్టే. వెనక తెంపడమే మందు. తెంపాక ముందువైపు బ్రష్ ఉంటే ఎక్సైటేషన్ వల్ల షాఫ్ట్ మీద చేరే చార్జీకి పనికొస్తుంది, అది అదనం.

#16 షిప్_సెకండ్

ఒప్పుకున్నా.

#17 లోకో_251

డీజిల్ లోకోల్లో కూడా ట్రాక్షన్ ఆల్టర్నేటర్ క్రాంక్‌షాఫ్ట్‌తో కలిసే ఉంటుంది కాబట్టి ఇటువైపు నుంచి ఒక మాట. మీ ప్లాంటులో ఆల్టర్నేటర్ మీదో బేస్‌ఫ్రేమ్ మీదో ఈమధ్య వెల్డింగ్ జరిగిందా కనుక్కోండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపును పని జరిగేచోటే, అదే ముక్కకు పెట్టాలి. ఇంజిన్ బ్లాక్‌కు క్లాంపు తగిలించి ఆల్టర్నేటర్ దగ్గర వెల్డ్ చేస్తే వందల ఆంపియర్లు నిలబడ్డ బేరింగుల గుండా పోతాయి. అయితే అప్పుడు గుంటలు కొన్నే, పెద్దవి, ఒకచోటే గుంపుగా ఉంటాయి. మీ సన్న మసక అది కాదనుకుంటా, కానీ రెండూ కలిసిన కేసులుంటాయి.

#18 పవర్‌హౌస్_డ్యూటీ

దొరికింది. షాఫ్ట్ లేపి ప్రెస్‌పాన్ దూర్చాక కూడా సున్నానే వచ్చింది. బోల్టు స్లీవులు బాగున్నాయి, ఆయిల్ పైపు విప్పినా మార్పు లేదు. టెంపరేచర్ సెన్సర్ కేబుల్ విప్పగానే 8 మెగాఓమ్‌లు. పోయిన ఓవర్‌హాల్‌లో సెన్సర్ మార్చారు. పాతదానికి ఫైబర్ బుష్ ఉండేది. కొత్తది లోహపు జడ ఉన్న కేబుల్, నేరుగా పెడెస్టల్‌లో బిగించి, రెండో చివర ఆల్టర్నేటర్ ఫ్రేముకు లోహపు క్లిప్పుతో కట్టేశారు. ఆ క్లిప్పు కింద పెయింటు కాలిన నల్లమచ్చ కూడా ఉంది.

ఇప్పుడు జర్నళ్ల సంగతి. పాలిషా, గ్రైండింగా?

#19 గ్రైండింగ్_బెంచ్

కొలతలే చెప్పాలి. ఒక్కో జర్నల్‌ను మూడు చోట్ల – రెండు అంచుల దగ్గర, మధ్యలో – ఒక్కోచోట 90 డిగ్రీల తేడాతో రెండు దిక్కుల మైక్రోమీటర్ పెట్టండి. మైక్రోమీటర్, షాఫ్ట్ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. 300 మి.మీ. ఉక్కు 10 డిగ్రీల తేడాకు 0.03 మి.మీ. పైన మారుతుంది, మీరు వెతుకుతున్న అరుగుదల కూడా అంతే. ఓవాలిటీ (గుండ్రం తప్పడం), టేపర్ (ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వ్యాసం తగ్గడం) మాన్యువల్ లిమిట్లో ఉన్నాయా చూడండి.

గుంట లోతు రెప్లికా మీద కొలిపించండి. ఐదారు మైక్రాన్లైతే పాలిష్‌తో పోతుంది. వ్యాసంలో 0.01 మి.మీ. పైచిలుకు తగ్గుతుంది, క్లియరెన్స్ లెక్కలో అది పెద్దది కాదు. 30 మైక్రాన్లు దాటితే పాలిష్‌తో నునుపు చేయబోయి జర్నల్‌ను గుండ్రం చెడగొడతారు. అప్పుడు ఇన్‌సిటూ (షాఫ్ట్‌ను ఇంజిన్‌లోనే ఉంచి చేసే) గ్రైండింగ్ వాళ్లను పిలిచి, తయారీదారు ఇచ్చిన అండర్‌సైజుకు (తగ్గించిన వ్యాసానికి) తీసుకెళ్లడమే.

పాలిష్ చేసేముందు ఆయిల్ హోల్స్‌కు నైలాన్ ప్లగ్గులు కొట్టండి. ఎన్ని కొట్టారో బోర్డు మీద రాయండి, తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. 400 గ్రేడు ఎమెరీ పట్టీని ఆయిల్‌లో తడిపి, ఫెల్ట్ బెల్టు కింద పెట్టి జర్నల్ చుట్టూ సగానికి పైగా పట్టి లాగాలి, తర్వాత 600. చేతి వేళ్లతో ఒక్కచోట రుద్దితే అక్కడ పల్లం పడుతుంది. ఆఖరి పాస్‌లో పట్టీ కింద జర్నల్ ఇంజిన్ తిరిగే దిక్కునే తిరిగినట్టుండాలి, అంటే ఆగి ఉన్న జర్నల్ మీద పట్టీని దానికి ఎదురుదిక్కుకు లాగాలి. దీన్ని తిరగేసి ముగిస్తే ఉపరితలం మీద కంటికి కనపడని రేకులు షెల్ వైపు నిలబడి ఓవర్‌లేను గీకుతాయి. రఫ్‌నెస్ మీటర్ పెట్టి ఆర్‌ఏ (సగటు గరుకుదనం) 0.4 మైక్రాన్ల లోపు వచ్చేదాకా వదలొద్దు. ఫిల్లెట్ (జర్నల్ అంచున వెబ్‌ను కలిసే వంపు) జోలికి మాత్రం వెళ్లకండి, అక్కడ ఒక్క అడ్డగీత పడినా పగులు మొదలవడానికి అదే చాలు.

తర్వాత మ్యాగ్నెటిక్ క్రాక్ టెస్ట్, ముఖ్యంగా ఆయిల్ హోల్ అంచులు, ఫిల్లెట్లు. షెల్‌లో రాగి బయటపడ్డ 1వ జర్నల్ మీద పోర్టబుల్ మీటర్‌తో హార్డ్‌నెస్ కూడా నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట అకస్మాత్తుగా పెరిగిందంటే అక్కడ వేడెక్కినట్టు.

#20 వైండింగ్_శ్రీను

క్రాక్ టెస్ట్ అయ్యాక డీమ్యాగ్నెటైజ్ చేయడం మరవకండి. లూప్ కరెంటు పోయిన షాఫ్టుల్లో అసలే అయస్కాంతం మిగిలి ఉంటుంది, టెస్టు ఇంకొంచెం కలుపుతుంది. అలా వదిలేస్తే ఇనుపరజను జర్నల్‌కు అంటుకుని తిరుగుతుంది. గాస్‌మీటర్ పెట్టి ముందూ వెనకా రాసుకోండి.

కరెంటు ఇంకెక్కడెక్కడ దిగిందో కూడా చూడండి. ఫ్లైవీల్ దగ్గర థ్రస్ట్ బేరింగ్, క్యామ్‌షాఫ్ట్ డ్రైవ్ గేర్ పళ్ల ముఖాలు. గేర్ పన్ను మీద మసక ఉంటే మెరుపు పోయిన పట్టీలా కనిపిస్తుంది.

#21 ల్యూబ్‌ఆయిల్_మురళి

నా అంచనా తప్పింది కానీ ఆయిల్ గురించి ఒకటి. సీసం ఎందుకు పెరిగిందో ఇప్పుడు అర్థమైంది కదా, ఓవర్‌లే కరిగి పోతోంది. క్లోజ్ చేసేముందు క్రాంక్‌కేస్ తుడిచి, సంప్ శుభ్రం చేసి, సెపరేటర్ నడిపి ఫ్లష్ చేయండి. ఎమెరీ పొడి ఒక్క చిటికెడు మిగిలినా, ఈసారి నేను చెప్పిన జబ్బే వస్తుంది.

#22 పవర్‌హౌస్_డ్యూటీ

గుంట లోతు 1లో 7 మైక్రాన్లు, 2, 3లో అంతకన్నా తక్కువ. పగుళ్లు లేవు, హార్డ్‌నెస్ సమంగా ఉంది. పాలిష్ మొదలుపెట్టాం. 4, 5 క్యాప్‌లు కూడా దించుతున్నాం. షెల్స్ వేశాక రన్నింగ్ ఎలా?

#23 అలైన్‌మెంట్_రాజు

షెల్ వెనక భాగం, క్యాప్ బోరు పొడిగా ఉండాలి, ఆయిల్ రాయొద్దు. లోపలివైపు మాత్రం ధారాళంగా రాయండి. షెల్‌ను గీకి సరిచేయడం ఈ రకానికి పనికిరాదు. హైడ్రాలిక్ బోల్టులు మాన్యువల్ క్రమంలోనే బిగించి, క్లియరెన్స్ రాసుకుని, డిఫ్లెక్షన్ మళ్లీ తీయండి. ప్రీల్యూబ్ పెట్టి టర్నింగ్ గేర్‌తో కొన్ని చుట్లు తిప్పండి.

మొదట లోడు లేకుండా 5 నిమిషాలు నడిపి ఆపండి. ఆపగానే క్రాంక్‌కేస్ డోరు తీయొద్దు, వేడి ఆయిల్ ఆవిరి గాలితో కలిస్తే పేలొచ్చు. మాన్యువల్ చెప్పిన సమయం, కనీసం 10 నిమిషాలు ఆగండి. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో క్యాప్‌లన్నీ చూడండి. అంకె కన్నా పక్క బేరింగులతో తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా ఐదారు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే విప్పాల్సిందే. తర్వాత 30 నిమిషాలు, మళ్లీ చూడటం, అప్పుడు మెల్లగా లోడు.

#24 వైండింగ్_శ్రీను

లోడు మీదికి వచ్చాక ఈ కొలత తీసి రికార్డులో పెట్టండి. ముందు షాఫ్ట్ రెండు చివరల మధ్య ఏసీ వోల్టేజీ. తర్వాత వెనక చివర షాఫ్ట్‌ను పెడెస్టల్‌కు రాగి బ్రష్‌తో కలిపి, పెడెస్టల్‌కూ బేస్‌కూ మధ్య వోల్టేజీ. రెండూ దాదాపు సమానంగా వస్తే ఇన్సులేషన్ పనిచేస్తోంది. రెండోది బాగా తగ్గితే ఎక్కడో మళ్లీ షార్ట్. తిరిగే షాఫ్ట్ దగ్గర కాబట్టి బ్రష్‌కు పొడవాటి ఇన్సులేటెడ్ హ్యాండిల్ ఉండాలి, వదులు బట్టలు ఉండకూడదు.

#25 పవర్‌హౌస్_డ్యూటీ

మొదటి రీడింగ్ 420 మిల్లీవోల్టులు, రెండోది 405. 4, 5 జర్నళ్లలో మసక లేదు. సెన్సర్‌కు ఫైబర్ బుష్ వేసి, కేబుల్ జడను పెడెస్టల్ దగ్గర తెంపి స్లీవు తొడిగాం.

#26 లోకో_251

ఇంకొక్కటి, పెయింటింగ్ కాంట్రాక్టర్ వచ్చేముందే చేయండి. పెడెస్టల్ కింద ఇన్సులేషన్ ప్లేటు అంచు చుట్టూ ఎర్రగీత కొట్టించి ‘ఇక్కడ పెయింటు వేయరాదు’ అని స్టెన్సిల్ రాయించండి. అల్యూమినియం పెయింటు ఒక కోటు ఆ అంచు మీద పడితే మళ్లీ సున్నాకు రావడానికి సెన్సర్ కూడా అక్కర్లేదు.